బుల్లెట్ కుదుపు తగ్గాలంటే

ఒకప్పుడు బుల్లెట్ చప్పుడు వినిపిస్తే ఎస్సైగారో, రైసుమిల్లు యజమానో వస్తున్నారని ఊరికి తెలిసిపోయేది. ఇవాళ ఆ చప్పుడు కాలేజీ కుర్రాళ్ల దగ్గర్నుంచి రిటైరైన హెడ్మాస్టర్ల దాకా అందరి వాకిళ్లలోనూ వినిపిస్తోంది. బండి మీద మోజు తగ్గలేదు, నడుము నొప్పీ తగ్గలేదు. ఇష్టపడి కొనుక్కున్న బండికి ఆర్నెల్లు తిరక్కుండానే కవరు కప్పి, ఆఫీసుకు స్కూటరు మీద వెళ్తున్నవాళ్లు మీ వీధిలోనూ ఉండే ఉంటారు. ఎందుకండీ అంటే, "బుల్లెట్ కదా, అంతే. ఓర్చుకోవాలి" అంటారు.

ఓర్చుకోనక్కర్లేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. పాతకాలపు తీరులో కట్టిన బండికి కొన్ని పరిమితులున్న మాట నిజమే. కానీ మన ఒంటికి తగిలే కుదుపులో చాలా భాగం బండికి పుట్టుకతో వచ్చింది కాదు. గాలి, గ్రీజు, ఆయిలు, చెయిను, వీటిని పట్టించుకోకపోవడం వల్ల వచ్చింది. దాన్ని మనం తీసేయగలం. కొత్త సామాను కొనే ఆలోచన ఆఖరున రావాలి. మనవాళ్లు మాత్రం అక్కడే మొదలుపెడుతున్నారు.

కుదుపు తగ్గించుకోవడమంటే సుకుమారం అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో రెక్స్ మెకాండ్లెస్ అనే ఆయన ఉండేవాడు. స్వయంగా పందేలకు బండి నడిపే మనిషి. అప్పటి మోటారు సైకిళ్లలో చాలావాటికి వెనక చక్రాన్ని చట్రానికే గట్టిగా బిగించేవారు. స్ప్రింగన్నది సీటు కింద ఉండేది తప్ప చక్రానికి ఉండేది కాదు. గతుకు తగిలినప్పుడల్లా ఆ చక్రం నేలను వదిలి ఎగురుతోందనీ, ఎగిరినంతసేపూ బండి మన మాట వినదనీ మెకాండ్లెస్ గ్రహించాడు. వెనక చక్రం పైకీ కిందికీ ఊగే చట్రం ఒకటి తయారుచేశాడు. తర్వాత ఆయన రూపొందించిన చట్రాన్ని నార్టన్ కంపెనీ తీసుకుంది. 1950లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ పందేల్లో సీనియర్, జూనియర్ రెండింటిలోనూ మొదటి మూడు స్థానాలూ ఆ చట్రం ఉన్న నార్టన్లకే దక్కాయి. మెత్తగా నడిచిన బండే వేగంగానూ నడిచింది.

ఎందుకంటే సుఖం, భద్రత రెండూ ఒకచోటే ఉన్నాయి. చక్రం రోడ్డును అంటిపెట్టుకుని ఉంటే మన నడుముకు దెబ్బ తగలదు, బ్రేకు కూడా పడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

బుల్లెట్ కూడా ఒకప్పుడు సుఖానికి పేరు తెచ్చుకున్న బండి. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో 1932లో ఆ పేరు మొదటిసారి పెట్టారు. వెనక ఊగే చట్రం, ఆయిలుతో పనిచేసే షాక్ అబ్జార్బర్లతో కొత్త బుల్లెట్ 1940ల చివర్లో వచ్చింది. ఆ రోజుల్లో అది పెద్ద ముందడుగు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. ఇంగ్లండులో బుల్లెట్ ఆగిపోయినా మన దగ్గర ఆగలేదు. ఆ పాత రూపాన్నే మళ్లీ తీర్చిదిద్ది 2009లో క్లాసిక్ 350 తెచ్చారు. దాని రూపంతో పాటు కొన్ని పాత కొలతలూ వచ్చాయి. ముందు ఫోర్కు 130 మిల్లీమీటర్లు కదులుతుంది. వెనక షాకు కదిలేది 80 మిల్లీమీటర్లే, అంటే బెత్తెడు. నిండా ఇద్దరు మనుషులు కూర్చున్నాక మన గుంతల్ని మింగాల్సింది ఆ బెత్తెడులో మిగిలిన జాగాయే. దానికి తోడు కూర్చునే తీరు. నిటారుగా, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటాం కాబట్టి పై ఒంటి బరువంతా తిన్నగా తుంటి మీద పడుతుంది. ముందుకు వంగి నడిపే బండ్లలో ఆ బరువు కొంత చేతులు, కాళ్లు పంచుకుంటాయి. ఇక్కడ వెన్నుపూస ఒక్కటే మోయాలి.

మరమ్మతు మొదలుపెట్టే ముందు మీ జబ్బు ఏదో తేల్చుకోవాలి. కుదుపు వేరు, అదురు వేరు. గుంతలో పడ్డప్పుడు నడుముకు తగిలేది కుదుపు. గంటసేపు నడిపాక అరచేతులు తిమ్మిరెక్కడం, అరికాళ్లు జివ్వుమనడం అదురు. అది రోడ్డు నుంచి కాదు, ఇంజను నుంచి వస్తుంది. పాత 350 ఇంజనులో సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 90. ఒకే పెద్ద పిస్టను అంత దూరం పైకీ కిందికీ కొట్టుకుంటుంటే అదరక తప్పదు. ఆ అదురును సరిపెట్టే బ్యాలెన్సర్ షాఫ్టు పాత ఇంజన్లలో లేదు. 2020లో మీటియర్ అనే మోడలుతో మొదలై, 2021లో క్లాసిక్‌కు వచ్చిన కొత్త ఇంజనులో ఉంది. పాత బండి ఉన్నవాళ్లు షాకులు మార్చి అదురు పోలేదని బాధపడితే లాభం లేదు. అదురుకు మందు వేరే. ఇంజనును చట్రానికి పట్టి ఉంచే బోల్టులు, హెడ్డు దగ్గరి పట్టీ, సైలెన్సరు క్లాంపు వదులయ్యాయేమో చూసి బిగించాలి. హ్యాండిల్ చివర్ల బరువులు పెట్టించుకోవచ్చు. మెత్తటి గ్రిప్పులు వేయించుకోవచ్చు. అన్నిటికన్నా మిన్న, ఆ ఇంజను ఏ వేగంలో హాయిగా పాడుతుందో కనిపెట్టి ఆ వేగంలోనే పోనివ్వడం. హ్యాండిల్ని పిడికిలి బిగించి పట్టుకుంటే అదురంతా మోచేతుల దాకా పాకుతుంది. వేళ్లు వదులుగా ఉంచండి.

ఇక కుదుపు సంగతి. కూర్చున్న మనిషి ఒంటికి కింది నుంచి తగిలే కదలికల్లో సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు వచ్చేవి అన్నింటికన్నా ఎక్కువ బాధిస్తాయని పరిశోధకులు ఏనాడో తేల్చారు. అదురును కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631 కూడా దాన్ని లెక్కలోకి తీసుకునే తయారైంది. దీన్ని మన సిమెంటు హైవేలకు అన్వయించి చూడండి. అక్కడ పలకల మధ్య జాయింట్లు సాధారణంగా నాలుగున్నర మీటర్లకు ఒకటి వస్తాయి. గంటకు 65 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 18 మీటర్లు, అంటే సెకనుకు సరిగ్గా నాలుగు జాయింట్లు. రోడ్డు నున్నగా కనిపిస్తూనే టకటకమని కొడుతూ గంటలో ఒళ్లు హూనం చేసేది ఇందుకే. వేగం 45కు తగ్గిస్తే సెకనుకు మూడు దెబ్బలకన్నా తక్కువే. పైసా ఖర్చు లేని వైద్యం ఇది.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి స్పీడ్ బ్రేకర్ల గురించి కూడా ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 99 ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 10 సెంటీమీటర్లకు మించకూడదు. దాని మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా వెళ్లగలగాలి. మన వీధుల్లో ఉన్నవి ఏమిటి? మూరెడు వెడల్పున సిమెంటు గుట్ట పోసి, దానికి రంగైనా వేయరు. అంత నిటారు మెట్టును మెత్తబరిచే షాక్ అబ్జార్బరు ఏ బండికీ లేదు. మీ వీధిలో అలాంటిది ఉంటే మున్సిపాలిటీకో పంచాయతీకో, కొలత చెప్పి మరీ అర్జీ పెట్టండి. ఇది బుల్లెట్ ఉన్నవాళ్ల గొడవ కాదు, ఆటోలో ఆసుపత్రికి వెళ్లే గర్భిణీ గొడవ.

సరే, బండి దగ్గరికి వద్దాం. రోడ్డు దెబ్బను ముందుగా తినేది టైరు. పాత ఇంజనున్న క్లాసిక్ 350కి ఒక్కరే నడిపేటప్పుడు ముందు 20, వెనక 30 పీఎస్ఐ దరిదాపుల్లో గాలి ఉండాలి. ఇద్దరైతే రెండేసి పెంచుకోవాలి. మీ మోడలుకు సరైన అంకె బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. పంక్చరు షాపులో ఏం జరుగుతోంది? "గాలి కొట్టు" అంటాం, అతను అన్ని బండ్లకూ కొట్టినట్టే ముందు 30, వెనక 40 కొడతాడు. అతని తప్పేం లేదు, అంకె మనం చెప్పలేదు. గట్టిగా ఉబ్బిన టైరు రాయి మీద వంగదు, ఎగురుతుంది. వందల్లో దొరికే చిన్న గేజీ ఒకటి కొని, పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. ఇంకా మెత్తగా ఉంటుందని చెప్పిన అంకెకన్నా తగ్గించొద్దు. ట్యూబున్న టైరులో గాలి తగ్గితే ట్యూబు లోపల జరిగి వాల్వు తెగే ప్రమాదం ఉంది. గుంతలో రిమ్ము కూడా వంగుతుంది. గాలి సరిచేస్తే తేడా ఎంత ఉంటుందో మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది.

ముందు ఫోర్కుల్లో మూడు లోపాలు తరచుగా కనబడతాయి. మొదటిది ఆయిలు. ఫోర్కు లోపల సన్నటి రంధ్రాల గుండా ఆయిలు పోతూ వస్తూ స్ప్రింగు ఊపును అదుపు చేస్తుంది. కొన్ని షెడ్డుల్లో ఫోర్కు ఆయిలు బదులు చేతికందిన ఇంజను ఆయిలు పోసేస్తారు. అది చిక్కన. చిన్న గతుకు తగిలినా రంధ్రంలోంచి వేగంగా పోలేక మొరాయిస్తుంది, ఆ దెబ్బ తిన్నగా మణికట్టుకు వస్తుంది. కొలత దాటి ఎక్కువ పోసినా ఇంతే. లోపల గాలికి జాగా తగ్గి, చివర్లో రాయిలా బిగుసుకుంటుంది. పుస్తకంలో చెప్పిన రకం, చెప్పిన కొలత, రెండు కాళ్లలోనూ సమానంగా పోయించండి. రెండోది, చక్రం బిగించే తీరు. పంక్చరు వేశాక ఇరుసు బిగించేస్తే రెండు ఫోర్కు కాళ్లూ ఒకదానికొకటి సమాంతరంగా కుదురుకోక లోపల రాసుకుంటాయి. ఫోర్కు బాగానే ఉంటుంది, కదలదు. కింది క్లాంపుల బోల్టులు వదులుగా ఉంచి, బండిని నేల మీద దించి, హ్యాండిల్ని నాలుగైదు సార్లు బలంగా కిందికి నొక్కి వదిలి, ఆ తర్వాత బిగించమని మెకానిక్‌కు చెప్పండి. మూడోది హ్యాండిల్ కోన్‌సెట్. బండిని సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాలిలో ఉంచి హ్యాండిల్ తిప్పితే మధ్యలో ఒకచోట టక్కున ఆగినట్టు అనిపిస్తే బేరింగు అరిగిందని అర్థం.

ఇప్పుడు వెనక షాకులు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ల డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

షాకు కింది భాగంలో మెట్లు మెట్లుగా తిరిగే ఒక రింగు ఉంటుంది. టూల్ కిట్లో వచ్చే సీ స్పానరు దానికోసమే. పాత క్లాసిక్‌లో దానికి ఐదు మెట్లు. ఈ రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని, మెత్తబడుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. స్ప్రింగు బలం తీగ మందంలో, చుట్ల లెక్కలో ఉంటుంది. రింగు దాన్ని మార్చలేదు. రింగు చేసేదల్లా బండి ఎత్తును సరిచేయడమే. మీరు కూర్చున్నప్పుడు షాకు ఎంత దిగాలో అది నిర్ణయిస్తుంది. మరీ దిగిపోతే మిగిలిన జాగా చాలక గుంతలో అడుగు తగిలి ధడేల్మంటుంది. అసలు దిగకపోతే, చక్రం గుంతలోకి జారాల్సి వచ్చినప్పుడు జారడానికి దారి లేక బండి మొత్తం గుంతలో పడుతుంది. రెండూ నడుముకు ఒకేలా అనిపిస్తాయి, మందులు మాత్రం పూర్తిగా వేరు. అందుకే కొలవాలి.

కొలవడానికి ఒక టేపు, ఇద్దరు సహాయకులు చాలు. బండిని సెంటర్ స్టాండు వేయండి. వెనక చక్రం గాలిలో వేలాడుతుంది. ఇరుసు మధ్య నుంచి సరిగ్గా దాని పైన సీటు అంచు దాకా ఎంత ఉందో కొలిచి రాసుకోండి. ఇప్పుడు బండిని స్టాండు మీద నుంచి దించండి. హెల్మెట్ పెట్టుకుని, మీరు రోజూ నడిపే తీరులో, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చోండి. ఒకరు బండి పడకుండా పట్టుకుంటారు, ఇంకొకరు అదే చోట మళ్లీ కొలుస్తారు. రెండు కొలతల తేడా మీ బరువుకు బండి ఎంత దిగిందో చెబుతుంది. కదిలే దూరంలో మూడో వంతు దరిదాపుల్లో ఉంటే మంచిది. 80 మిల్లీమీటర్ల షాకుకు 25 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. 40 దిగితే రింగు ఒక మెట్టు పైకి తిప్పండి. 10 మాత్రమే దిగితే కిందికి తిప్పండి. రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి సుమా.

అన్నింటికన్నా కింది మెట్టులో పెట్టినా 10 మాత్రమే దిగితే? అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మన దేశంలో ఈ బండ్ల స్ప్రింగులు ఇద్దరు మనుషులు, పక్కన సామాన్ల పెట్టెలు మోసేలా ఉంటాయి. 60 కిలోల మనిషి ఒక్కడే కూర్చుంటే ఆ స్ప్రింగు చలించదు. ఆయనకు కావలసింది తక్కువ బలమున్న స్ప్రింగు, ఖరీదైన షాకు కాదు. కొలిచిన మనిషికి ఇది తెలుస్తుంది. కొలవని మనిషి వేలకు వేలు పోసి ఇంకో గట్టి షాకు తెచ్చుకుంటాడు.

కొలత సరిగ్గానే ఉంది, అయినా బండి పడవలా ఊగుతోందంటే లోపలి ఆయిలు పని అయిపోయింది. వెనక సీటు మీద రెండు చేతులతో బలంగా నొక్కి వదలండి. పైకి లేచి వెంటనే కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే, లేదా షాకు రాడ్డు మీద జిడ్డు కనిపిస్తే మార్చే రోజు వచ్చినట్టే. మార్చేటప్పుడు జంటగా మార్చాలి. పాతదెంత పొడవో కొత్తదీ అంతే ఉండాలి. ఎత్తుగా కనిపిస్తుందని పొడవు షాకులు వేస్తే బండి ముందుకు వాలి, హ్యాండిల్ నిలకడ మారిపోతుంది, సైడు స్టాండు మీద సరిగ్గా నిలవదు.

మెకానిక్కులు కూడా చాలామంది పట్టించుకోని చోటు ఇంకొకటుంది. అది చెయిను. వెనక చక్రం పైకి లేచినప్పుడు, ఇంజను దగ్గరి పళ్లచక్రం, వెనక చక్రాన్ని పట్టుకుని ఊగే స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చేచోట చెయిను అన్నింటికన్నా బిగుస్తుంది. మనమేమో బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, చక్రం వేలాడుతున్నప్పుడు చెయిను చక్కగా బిగిస్తాం. ఇద్దరు ఎక్కగానే అది తీగలా బిగుసుకుని చక్రాన్ని పైకి లేవనివ్వదు. షాకులు ఉన్నా లేనట్టే. బండి మీద మనిషి కూర్చుని ఉండగా చెయిను కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించి చూడండి, పుస్తకంలో చెప్పినంత వదులు అప్పుడు కూడా మిగలాలి. దీంతో పాటు స్వింగ్ ఆర్మ్ బుష్షులకు గ్రీజు ఉందా, షాకు చివర్ల రబ్బర్లు ఎండి పగిలాయా అన్నది కూడా చూడండి. పగిలిన రబ్బరు ఖరీదు చాలా తక్కువ, అది పెట్టే బాధ చాలా ఎక్కువ.

ఇన్ని చేశాక సీటు దగ్గరికి రావాలి. అందరూ సీటుతో మొదలుపెడతారు, అది సరి కాదు. సీటు తుది మెరుగు మాత్రమే.

మెత్తటి సీటు మంచి సీటు కాదు. దుకాణంలో చేత్తో నొక్కి చూసి "ఎంత మెత్తగా ఉందో" అని కొన్నది, అరగంటకు నలిగిపోయి కింద రేకు తగులుతుంది. మన బరువు మోసేది తుంటి కింద ఉండే రెండు ఎముకలు. వాటి కింద గట్టి ఫోమ్, దాని పైన అంగుళం మందాన మెత్తటి ఫోమ్ ఉండాలి. ఆ ఎముకలు రెండూ ఆనేంత వెడల్పు ఉండాలి, ముందు మాత్రం సన్నబడాలి, లేకపోతే కాలు నేలకు అందదు. వాలు ఎక్కువైతే బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారిపోతారు. ఈ పని చేయడానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. లారీ సీట్లు, ఆటో సీట్లు కుట్టే మనిషి ఏ ఊళ్లోనైనా ఉంటాడు. విజయవాడ ఆటోనగర్లో రోజంతా లారీ నడిపే డ్రైవర్లకు సీట్లు కట్టే పనివాళ్లకు ఈ విద్య బాగా తెలుసు. అలాంటి పనివాడి దగ్గర మీరు కూర్చుని చూపించి, కొలత ఇచ్చి చేయించుకోండి. కవరు మరీ లాగి కుట్టొద్దని చెప్పండి. బిగుతుగా లాగిన రెగ్జిను లోపలి ఫోమ్‌ను పనిచేయనివ్వదు. కుట్లు కూర్చునే చోట కాకుండా అంచుల్లో పడాలి, వాన నీళ్లు కుట్ల లోంచే దిగుతాయి. జెల్ ప్యాడ్లు మంచివే. కానీ మే నెల రెంటచింతల ఎండలో బండి బయట పెడితే ఆ జెల్ మీద కూర్చోవడం కష్టం. మన ఎండలకు గాలి నింపే ప్యాడు మేలు, అది కూడా సగం గాలితోనే.

స్ప్రింగుల సీటు సంగతి చాలామంది అడుగుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది వెనక చక్రానికి స్ప్రింగులు లేని కాలంలో పుట్టిన ఏర్పాటు. దాని స్ప్రింగుల ఊపును ఆపడానికి ఆయిలు లేదు. కింద షాకులు ఒక తాళంలో, పైన సీటు ఇంకో తాళంలో ఊగితే మనిషి మధ్యలో ఎగిరెగిరి పడతాడు. పట్నంలో నెమ్మదిగా తిరగడానికి సరే. దూరప్రయాణానికి నేను వద్దంటాను.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ముఖ్యమైన మాట. ఇంతసేపూ నడిపే మనిషి నడుము గురించి మాట్లాడుకున్నాం. వెనక కూర్చున్న మనిషి సంగతి?

నడిపేవాడు రెండు చక్రాల మధ్యన కూర్చుంటాడు. వెనక కూర్చున్నవాళ్లు దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చుంటారు. వెనక చక్రం లేచినంతా వాళ్లు లేస్తారు. నడిపేవాడికి గుంత కనిపిస్తుంది, ఒళ్లు ముందే సిద్ధపడుతుంది, కాళ్ల మీద బరువు వేసి అంగుళం లేవగలడు. వెనక ఉన్నవాళ్లకు ఎదురుగా కనిపించేది ఒక వీపు మాత్రమే. పైగా ఈ పాతతరహా బండ్లలో వెనక సీటు అందం కోసం చిన్న ముక్కగా, పల్చగా పెడతారు. చీర కట్టుకున్న అమ్మ, అత్తమ్మ, భార్య ఒకపక్కకు తిరిగి కూర్చుంటారు. అప్పుడు వెన్ను మెలిపడి ఉంటుంది, బరువు ఒక తుంటి మీదే పడుతుంది, కాళ్లు రెండూ ఒకవైపే. ఆ భంగిమలో తగిలిన ఒక్క కుదుపు మనకు తగిలే పది కుదుపుల పెట్టు. వాళ్లు "ఫర్వాలేదు" అంటారు. ఆ మాట నమ్మొద్దు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ల కోసమే ఉంది. చేతితో పట్టుకోవడానికి పిడి, పాదాలు పెట్టుకోవడానికి ఆధారం, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రాన్నైనా కప్పే కవచం ఉండాలని అది చెబుతోంది. కుర్రాళ్లు బండి కొన్న వారానికే వికారంగా ఉందని శారీ గార్డు, గ్రాబ్ రెయిలు విప్పి అటక మీద పడేస్తారు. దయచేసి తిరిగి బిగించండి. పట్టుకోవడానికి పిడి ఉంటేనే వెనక మనిషి కుదుపును చేతులతో కొంత ఆపుకోగలరు. వెనక సీటును వెడల్పుగా, కనీసం మూడంగుళాల ఫోమ్‌తో కట్టించండి. ఇద్దరు వెళ్తున్న రోజు షాకు రింగును ఒకటి రెండు మెట్లు పైకి తిప్పండి, గాలి పెంచండి. ఒంటరిగా వెళ్లే రోజు మళ్లీ దించండి. ఇదంతా రెండు నిమిషాల పని. గుంత కనిపించగానే "గుంత" అని నోటితో చెప్పండి. ఆ ఒక్క మాట ఏ షాక్ అబ్జార్బరుకూ తీసిపోదు.

నడిపే పద్ధతిలో ఇంకొక్క సంగతి. స్పీడ్ బ్రేకరు మీదికి బ్రేకు నొక్కి పట్టుకునే ఎక్కుతారు చాలామంది. ముందు బ్రేకు వేసినప్పుడు ఫోర్కు కిందికి కుంగి ఉంటుంది, దెబ్బ మింగడానికి అందులో జాగా మిగలదు. బ్రేకు పని ముందే ముగించి, చక్రం ఎక్కే క్షణానికి వదిలేయండి.

చట్రం కోయించడం, వెల్డింగు చేయించి కొత్త బిగింపులు పెట్టించడం లాంటివి మాత్రం వద్దు. అది ప్రాణాలకు ముప్పు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కూడా రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులను ఒప్పుకోదు. ఇన్ని చేసినా నొప్పి తగ్గకపోతే, కాళ్లలోకి పాకే తిమ్మిరి ఉంటే, మెకానిక్ దగ్గరికి కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

శ్రోతలకు చివరగా ఒక విన్నపం. ఈ ఆదివారం మీ బండి తాళం బాగా నడపడం వచ్చిన మిత్రుడి చేతికివ్వండి. మీరు వెనక కూర్చుని, మీ ఇంటివాళ్లను రోజూ తీసుకెళ్లే దారిలోనే, మీరు రోజూ వెళ్లే వేగంలోనే ఒక అరగంట తిరిగి రండి. దిగాక టేపు తీసుకుని కొలతలు మొదలుపెట్టండి. వెనక సీటుతోనే మొదలుపెట్టండి.